స్త్రీల సున్తీ: మతగురువుల వైఖరులు

వైద్యపరమైన అవసరమేదీ లేకుండా ఆడపిల్లల బాహ్య జననాంగాలను కొంతగానీ పూర్తిగాగానీ కోయడం, గాయపరచడం, కుట్టివేయడం వంటి ఆచారాలన్నిటినీ కలిపి స్త్రీ జననాంగ ఖండన అంటారు. తెలుగు పత్రికల్లో ‘మహిళల సున్తీ’ అనే పేరు ఎక్కువగా కనిపిస్తుంది. యూనిసెఫ్ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం దీనికి గురై జీవించి ఉన్న స్త్రీలు, బాలికలు 23 కోట్లకు పైనే. వారిలో 14 కోట్ల 40 లక్షల మంది ఆఫ్రికాలో, 8 కోట్ల మంది ఆసియాలో, 60 లక్షల మంది పశ్చిమాసియాలో ఉన్నారు. సోమాలియా, గినియా, జిబూటీ దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలకు ఇది జరిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. యోనిశీర్షాన్నిగానీ దాని పైపొరనుగానీ తొలగించడం మొదటి రకం. లోపలి పెదవులను కూడా కోసేయడం రెండోది. కోసిన అంచులను కలిపి కుట్టి, మూత్రానికీ రుతుస్రావానికీ చిన్న రంధ్రం మాత్రమే వదలడం మూడోది. సూడాన్, సోమాలియాల్లో దీన్ని ఫరోల కాలపు సున్తీ అంటారు. సూదితో గుచ్చడం, గీరడం, కాల్చడం వంటివన్నీ నాలుగో రకం కిందికి వస్తాయి. మతగురువుల మాటలను అర్థం చేసుకోవాలంటే ఈ విభజన గుర్తుండాలి. ఒక గురువు ‘సున్తీ నిషిద్ధం’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది మూడో రకమే కావచ్చు. మరొకరు ‘మాది సున్తీయే కాదు’ అన్నప్పుడు వారు చెబుతున్నది మొదటి రకం గురించో, నాలుగో రకం గురించో అయి ఉండవచ్చు.

ఈ ఆచారం నేటి మతాలకంటే పాతది. క్రీస్తుకు పూర్వం 163 నాటి ఒక గ్రీకు పపైరస్ పత్రంలో ఈజిప్టు బాలిక సున్తీ ప్రస్తావన ఉంది. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో కూడా ఈజిప్షియన్లలో దీన్ని గమనించాడు. ఆ తరువాత వచ్చిన మతాలు కొన్నిచోట్ల దీన్ని తమదిగా చేసుకున్నాయి, కొన్నిచోట్ల చూసీ చూడనట్టు ఊరుకున్నాయి. ఈజిప్టులో ముస్లింలూ కాప్టిక్ క్రైస్తవులూ, ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులూ, బేతా ఇజ్రాయెల్ అనే యూదు సమాజమూ దీన్ని పాటించాయి. యూనిసెఫ్ 2013 నివేదికలో నైజర్ దేశపు లెక్క ఒకటుంది: అక్కడ క్రైస్తవ స్త్రీలలో 55 శాతానికి సున్తీ జరిగితే ముస్లిం స్త్రీలలో 2 శాతానికి మాత్రమే జరిగింది. ఒక మతానికి దీన్ని అంటగట్టి చేతులు దులుపుకునేవారు ఈ ఒక్క అంకె దగ్గరే ఆగిపోవాలి.

గ్రంథాల్లో ఉన్నదెంత

ఖురాన్‌లో స్త్రీల సున్తీ ప్రస్తావన లేదు. బైబిల్ రెండు భాగాల్లోనూ లేదు. అబ్రహాముతో దేవుడు చేసిన ఒడంబడికలో ఉన్నది మగవారి సున్తీ. యూదు ధర్మశాస్త్రం స్త్రీలకు దీన్ని విధించలేదు. ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన ఇథియోపియా యూదులు ఏ ఆందోళనా లేకుండానే దీన్ని మానుకున్నారు.

ఇస్లాంలో వాదమంతా కొన్ని హదీసుల (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల) చుట్టూ తిరుగుతుంది. అన్నిటికంటే ప్రసిద్ధమైనది మదీనాలో సున్తీలు చేసే ఒక స్త్రీకి ప్రవక్త ఎక్కువగా కోయవద్దని చెప్పినట్టున్న కథనం. దాన్ని తన సంకలనంలో చేర్చిన అబూ దావూద్ స్వయంగా అది బలహీనమైనదని రాశారు. సున్తీ మగవారికి సున్నత్ (ప్రవక్త సంప్రదాయం) అనీ, ఆడవారికి గౌరవప్రదమైన పని మాత్రమే అనీ చెప్పే మరో హదీసును కూడా చాలామంది పండితులు నమ్మదగినదిగా అంగీకరించలేదు. అయినా మధ్యయుగపు ఫిఖ్ (ధర్మశాస్త్ర) గ్రంథాలు దీన్ని చర్చించకుండా వదలలేదు. సున్నీల నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలను చూస్తే, షాఫయీ పండితుల్లో అధికులు స్త్రీపురుషులిద్దరికీ ఇది తప్పనిసరి అన్నారు. మాలికీలు చేస్తే మంచిదన్నారు. హనఫీలు అభిలషణీయమని చెప్పినా తప్పనిసరి చేయలేదు. హంబలీల్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. ఈజిప్టు, సోమాలియా, ఇండోనేషియా, మలేషియా, కుర్దుల ప్రాంతం మొదలైన షాఫయీ సంప్రదాయం వేళ్లూనిన చోట్ల ఈ ఆచారం కనిపించడం కాకతాళీయం అనలేం. భారత ఉపఖండపు సున్నీల్లో అధిక సంఖ్యాకులు హనఫీలు. వారిలో ఇది దాదాపు లేదు. అయితే హనఫీ, మాలికీ గ్రంథాలు నిషేధించాయనుకోవడం కూడా పొరపాటే. ఎవరూ నిషేధించలేదు. ఆధునిక ముఫ్తీలకు వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

ఈజిప్టు: ఒకే పీఠం, అనేక తీర్పులు

మతగురువుల అభిప్రాయం ఎలా మారుతుందో చూడాలంటే కైరోను మించిన చోటు లేదు. 1949లో ఈజిప్టు ఫత్వా కార్యాలయం స్త్రీల సున్తీ మానితే పాపమేమీ లేదంది. రెండేళ్లు తిరగకుండానే, 1951లో, అదే కార్యాలయం చేయించడమే మేలని చెప్పింది. 1981లో గ్రాండ్ ముఫ్తీగా ఉన్న గాద్ అల్ హక్ మరింత బిగించారు. వైద్యశాస్త్రం ఈరోజు చెప్పింది రేపు మార్చుకుంటుంది, వైద్యుల మాట విని ప్రవక్త బోధను వదులుకోలేం అన్నది ఆయన వాదసారం. ఆ మరుసటి ఏడే ఆయన సున్నీల ప్రసిద్ధ విద్యాపీఠం అల్ అజ్హర్‌కు షేక్, అంటే అధిపతి, అయ్యారు.

1994 సెప్టెంబరులో కైరోలో ఐక్యరాజ్యసమితి జనాభా, అభివృద్ధి సదస్సు జరిగింది. అది నడుస్తుండగానే పదేళ్ల కైరో బాలికకు ఇంట్లో సున్తీ చేస్తున్న దృశ్యాలను సీఎన్ఎన్ ప్రసారం చేసింది. ప్రభుత్వం తలదించుకుంది. అప్పుడు ఇద్దరు పెద్ద మతాధికారులు బహిరంగంగా చెరోవైపు నిలబడ్డారు. గాద్ అల్ హక్ తన పాత మాటనే నిలబెట్టుకున్నారు. అప్పటి గ్రాండ్ ముఫ్తీ మహమ్మద్ సయ్యద్ తంతావీ మాత్రం దీనికి ఖురాన్‌లో ఆధారం లేదు, నమ్మదగిన హదీసూ లేదు, వైద్యులనే అడగండి అన్నారు. ఒకరు వైద్యుణ్ని కాదన్నచోటనే రెండోవారు వైద్యుడికి పగ్గాలిచ్చారు. తరువాతి పదిహేనేళ్ల కథంతా ఈ ఒక్క తేడాలో ఇమిడి ఉంది. 1996లో గాద్ అల్ హక్ మరణించాక అల్ అజ్హర్ పీఠం తంతావీకే దక్కింది.

అదే ఏడు ఆరోగ్య మంత్రి ఇస్మాయిల్ సలామ్ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటిలో సున్తీలను నిషేధించారు. షేక్ యూసుఫ్ అల్ బద్రీ అనే సంప్రదాయవాద గురువు కోర్టుకెళ్లి 1997 జూన్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేయించారు. డిసెంబరులో అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్ని పునరుద్ధరించింది. ఇస్లాం ఈ పనిని విధించలేదు కాబట్టి ప్రభుత్వం నిషేధించవచ్చు అన్నది తీర్పు సారం. న్యాయమూర్తులు ఆ తీర్పు ఇవ్వడానికి ముందు ముఫ్తీలు చేసే పనే, అంటే మతం ఏది విధించిందో తేల్చే పనే, చేయవలసి వచ్చింది.

2006 నవంబరులో గ్రాండ్ ముఫ్తీ అలీ గొమా ఆధ్వర్యంలో అల్ అజ్హర్‌లో అంతర్జాతీయ పండితుల సదస్సు జరిగింది. దానికి పూనుకున్నది రూడిగర్ నేబెర్గ్ అనే జర్మన్ సాహసయాత్రికుడు కావడం ఈ చరిత్రలో వింతైన ఘట్టాల్లో ఒకటి. ఈ ఆచారం స్త్రీకి హాని చేస్తుంది, హాని చేయడం ఇస్లాంలో నిషిద్ధం, కనుక దీన్ని ఆపాలి అని సదస్సు తేల్చింది. వాదం ఇక్కడ మలుపు తిరిగింది. హదీసు బలమైనదా, బలహీనమైనదా అన్న పాత ప్రశ్నను పక్కనబెట్టి, శరీరానికి హాని చేయకూడదన్న మూలసూత్రాన్ని ముందుకు తెచ్చారు. 2007 జూన్‌లో మిన్యా ప్రాంతంలో ఒక బాలిక వైద్యురాలి దగ్గర సున్తీ చేయించుకుంటూ చనిపోయింది. దాంతో గొమా ‘హరామ్’ (నిషిద్ధం) అనే మాట వాడారు. అల్ అజ్హర్ ఇస్లామిక్ పరిశోధనా మండలి దీనికి షరియత్‌లో మూలం లేదంది. కాప్టిక్ చర్చి అధిపతి పోప్ షెనూదా III కూడా వ్యతిరేకంగా గొంతు కలిపారు. 2008లో నేరచట్టం వచ్చింది. 2016లో, 2021లో శిక్షలు పెంచారు.

అయినా 2015 నాటి ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 87 శాతం మందికి ఇది జరిగినట్టు తేలింది. ఈ అంకెలో పాత తరాలు కూడా ఉన్నాయన్నది నిజమే. చిన్న వయసు వారిలో కొంత తగ్గుదల కనిపిస్తోంది. ఇంకో మార్పు కూడా జరిగింది. మంత్రసానులు, మంగళ్ల చేతిలోని కత్తి డాక్టర్లు, నర్సుల చేతికి మారింది. వైద్యుణ్ని అడగండి అన్న తంతావీ సలహాను జనం ఆయన ఊహించని రీతిలో పాటించారన్నమాట. హాని అన్న ఒక్క కారణం మీద నిలబడ్డ నిషేధానికి ఉన్న బలహీనత ఇదే. శుభ్రమైన గదిలో, మత్తు ఇచ్చి, చిన్న కోత పెడితే హాని ఎక్కడుంది అని అడిగేవారు వెంటనే పుట్టుకొస్తారు.

కెన్యా, సూడాన్: చర్చి పట్టు, మసీదు తిరుగుబాటు

క్రైస్తవ మతగురువులు ఈ ఆచారంపై చేసిన అతి పెద్ద పోరాటం కెన్యాలోని కికుయు ప్రజల మధ్య జరిగింది. ఓడిపోయిన పోరాటమని కూడా చెప్పాలి. 1929లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ మిషన్ నాయకుడు డాక్టర్ జాన్ ఆర్థర్, చర్చిలోనూ మిషన్ బడుల్లోనూ ఉండదలచిన వారంతా సున్తీని విడిచిపెడతామని ప్రమాణం చేసి సంతకమో వేలిముద్రో వేయాలని పట్టుబట్టారు. కికుయు సెంట్రల్ అసోసియేషన్ దీన్ని తమ భూములు లాక్కున్న తెల్లవాడు ఇప్పుడు తమ కూతుళ్ల మీదా పెత్తనం చేస్తున్నాడన్న రాజకీయ ప్రశ్నగా మార్చింది. కొన్ని వారాల్లోనే విశ్వాసుల్లో చాలా పెద్ద భాగం చర్చి వదిలి వెళ్లిపోయింది. మిషనరీలను ఎగతాళి చేసే ముథిరిగు అనే పాట ఊరూరా పాకింది. వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1930 జనవరిలో కిజాబేలో హుల్డా స్టంఫ్ అనే అమెరికన్ మిషనరీ తన ఇంట్లో హత్యకు గురైంది. వెళ్లిపోయినవారు మతం మానలేదు. సొంత చర్చిలు, సొంత బడులు కట్టుకుని అక్కడ బైబిల్‌నూ సున్తీనీ పక్కపక్కనే నిలుపుకున్నారు. కాబోయే దేశాధ్యక్షుడు జోమో కెన్యాట్టా 1938లో లండన్‌లో ప్రచురించిన ‘ఫేసింగ్ మౌంట్ కెన్యా’లో ఈ ఆచారాన్ని తన జాతి వ్యవస్థకు పునాదిగా సమర్థించారు.

కెన్యాలోనే మేరు ప్రాంతంలో 1956లో న్జురి న్చెకే అనే పెద్దల మండలి, వలస అధికారుల ప్రోద్బలంతో, దీన్ని నిషేధించింది. ఆడపిల్లలు అడవుల్లోకి వెళ్లి బ్లేడులతో ఒకరికొకరు కోసుకున్నారు. పురుషులైన పెద్దలు ఆడవాళ్ల కర్మకాండపై నోరు విప్పితే దాన్ని ఎంతవరకు లెక్కచేస్తారో తెలియడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సూడాన్‌లో 1946లో బ్రిటిష్ ప్రభుత్వం ఫరోల కాలపు సున్తీని నేరం చేసింది. కూతురికి సున్తీ చేయించిందని రుఫా పట్టణంలో ఒక తల్లిని జైల్లో పెట్టారు. మహమూద్ మహమ్మద్ తాహా మసీదులో ప్రజలను కూడగట్టి ఆమెను విడిపించే ఊరేగింపు నడిపి, రెండేళ్లు జైలుకు వెళ్లారు. అయితే తాహా ఛాందసుడు కాదు. స్త్రీపురుష సమానత్వం కోసం ఇస్లాంను కొత్తగా చదివిన సంస్కర్త. ఆ భావాలకే 1985లో ఆయనను ఉరితీశారు. సున్తీని ఆయన సమర్థించలేదు. ఆ ఆచారం చదువుతో పోవాలి, పరాయి ప్రభుత్వపు పోలీసుతో కాదు అన్నది ఆయన పట్టు. ఆ పట్టు సబబా కాదా అన్నది వేరే సంగతి. కానీ ఒక మతగురువు ఏ వైపు నిలబడ్డాడో తెలుసుకోవాలంటే చట్టం తెచ్చినవారెవరో కూడా అడగాలని రుఫా చెబుతుంది. సూడాన్ మొత్తానికీ వర్తించే నేరచట్టం స్వతంత్ర ప్రభుత్వం చేతుల మీదుగా 2020లో వచ్చింది.

కెన్యాలో సున్తీకి గురైన స్త్రీల వాటా 1998లో 38 శాతం. 2022 నాటికి 15 శాతానికి దిగింది. బడి చదువు, 2011 నాటి చట్టం, కోత లేకుండానే పిల్లను పెద్దదాన్ని చేసే ప్రత్యామ్నాయ వేడుకలు, వాటిని ఆదరించిన చర్చిలు అన్నీ ఇందులో ఉన్నాయి. ఆర్థర్ ప్రమాణపత్రం మాత్రం వాటిలో లేదు.

పశ్చిమాఫ్రికా, సోమాలీలాండ్

సెనెగల్‌లో 1997 జూలై 31న మలికుండా బంబారా అనే ఊరి స్త్రీలు సున్తీ మానేస్తున్నామని ప్రకటించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుమారం రేగింది. కేర్ సింబారా గ్రామపెద్ద, మతపెద్ద అయిన దెంబా జవారా మొదట ఆ ప్రకటన నచ్చనివారిలో ఒకరు. ఆలోచించాక ఆయన ఒక సంగతి పట్టుకున్నారు: పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లన్నీ కలిసి మానితేనే ఎవరి కూతురికీ పెళ్లి ఆగదు. కాలినడకన బంధువుల ఊరూరా తిరిగారు. 1998 ఫిబ్రవరిలో జబుగూలో 13 గ్రామాలు ఒకేసారి మానేస్తామని ప్రకటించాయి. చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టే ఆచారం ఇలాంటి సామూహిక ఒప్పందాలతోనే పోయిందని రాజకీయ శాస్త్రవేత్త జెర్రీ మాకీ 1996లోనే రాశారు. జవారా ఆ పరిశోధన చదవకుండానే అక్కడికి చేరారు. టోస్టాన్ అనే సంస్థ ఈ పద్ధతిని వేల గ్రామాలకు తీసుకెళ్లింది. జవారా ఫత్వా ఇవ్వలేదు. ఆయన కదిలించింది వియ్యంకులను. నా దృష్టిలో ఈ వ్యాసంలోని పండితులందరికంటే విషయం లోతు తెలిసినవాడు ఆయనే.

మారిటేనియాలో 2010 జనవరిలో 34 మంది పండితులు నిషేధ ఫత్వాపై సంతకం చేశారు. అదే ఏడు ఇరాకీ కుర్దిస్తాన్ పండితుల సంఘం దీన్ని ఇస్లాం విధించలేదని ప్రకటించింది. మరుసటి ఏడు అక్కడి పార్లమెంటు చట్టం చేసింది.

సోమాలీలాండ్ మత వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన ఫత్వాను జాగ్రత్తగా చదవాలి. కోసి కుట్టే ఫరోల కాలపు పద్ధతిని అది నిషేధించింది, బాధితులకు పరిహారం కూడా ఇవ్వాలంది. ‘సున్నా’ (సున్నత్) అని పిలిచే తేలికపాటి కోతను మాత్రం తాకలేదు. కెన్యా ఈశాన్య ప్రాంతంలోని సోమాలీల్లో కూడా చాలామంది తల్లులు కుట్టు మానేసి ఈ పద్ధతికి మారారు. దీన్ని సగం విజయం అనేవారున్నారు, ఆ పిల్లలకు జరగబోయే ప్రసవాలు తలచుకుంటే వారి మాట కొట్టిపారేయలేం. కానీ ప్రవక్త సంప్రదాయానికి ఉన్న పేరే ఈ కోతకూ అంటుకుంది కాబట్టి, రేపు దీన్ని మాన్పించడం కుట్టును మాన్పించినంత తేలిక కాదు.

గాంబియాలో యాహ్యా జమ్మే నియంతృత్వ కాలంలో, 2015లో, నిషేధం వచ్చింది. 2023 ఆగస్టులో ముగ్గురు స్త్రీలకు తొలిసారి శిక్ష పడితే, ఇమామ్ అబ్దులీ ఫాటీ వారి జరిమానా డబ్బు చెల్లించి ఉద్యమం మొదలుపెట్టారు. దేశపు సుప్రీం ఇస్లామిక్ కౌన్సిల్ ఆచారాన్ని సమర్థించింది. చట్టాన్ని రద్దు చేసే బిల్లును 2024 మార్చిలో 42 మంది సభ్యులు ముందుకు పంపారు, నలుగురే వ్యతిరేకించారు. జూలై 15న అదే సభ దాన్ని తిరస్కరించింది. అల్ అజ్హర్ చెప్పాక ఇస్లాం లోకంలో ప్రశ్న ముగిసిందనుకున్నవారికి ఇమామ్ ఫాటీ ఉద్యమమే గాంబియా జవాబు. ఇస్లాంలో పోప్ లేడు. కైరో ఫత్వా గాంబియా రాజధాని బంజుల్ ఇమామ్‌ను కట్టడి చేయదు.

సియెర్రా లియోన్‌లో పరిస్థితి వేరు. అక్కడ బొండో అనే స్త్రీల రహస్య సమాజంలో చేరేటప్పుడు సున్తీ జరుగుతుంది, దాన్ని నడిపే సోవే అనే స్త్రీయే మతాధికారి. ముస్లిం కూతుళ్లూ క్రైస్తవ కూతుళ్లూ ఒకే అడవిలోకి వెళ్తారు. ఇమామ్, పాస్టర్ బయట నిలబడతారు.

ఇండోనేషియా, మలేషియా

ఇండోనేషియా ఆరోగ్య శాఖ 2006లో వైద్య సిబ్బంది ఈ పని చేయరాదని సర్క్యులర్ ఇచ్చింది. 2008లో ఉలేమా మండలి ఎంయూఐ ఇది గౌరవప్రదమైన ఆచారమనీ, దీన్ని నిషేధించడమే షరియత్‌కు విరుద్ధమనీ ఫత్వా ఇచ్చింది. ప్రభుత్వం లొంగి 2010లో ఎలా చేయాలో వివరించే నిబంధనలే జారీ చేసి, విమర్శలు వెల్లువెత్తాక 2014లో వాటిని రద్దు చేసింది. 2013 ప్రభుత్వ సర్వేలో 11 ఏళ్ల లోపు ఆడపిల్లల్లో దాదాపు సగానికి ఇది జరిగినట్టు తేలింది. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2009లో హాని లేనంతవరకు తప్పనిసరి అంది.

ఇక్కడ కొత్త గొంతు మహిళా ఉలేమాలది. 2017లో చిరెబోన్‌లో తొలి మహాసభ జరిపిన ఇండోనేషియా మహిళా ఉలేమా సంఘం, 2022లో జెపారాలో జరిపిన రెండో మహాసభలో, వైద్య కారణం లేకుండా స్త్రీ జననాంగానికి హాని చేసే కోత హరామ్ అని తీర్మానించింది. పెసాంత్రెన్ మదరసాలు నడిపే స్త్రీలు, అనుభవించినవారి మాటను కూడా ధార్మిక ప్రమాణంగా లెక్కలోకి తీసుకుని చెప్పిన ఫత్వా అది. 2024లో ప్రభుత్వ ఆరోగ్య నిబంధనలు ఈ ఆచార నిర్మూలనను అధికారిక లక్ష్యంగా పెట్టుకున్నాయి.

దావూదీ బోహ్రాలు

భారతదేశంలో ఈ ప్రశ్న ప్రధానంగా దావూదీ బోహ్రాలది. ప్రపంచమంతా కలిపి సుమారు పది లక్షలుండే ఈ ఇస్మాయిలీ షియా వ్యాపార సమాజం గుజరాత్, ముంబై కేంద్రంగా ఉంది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ ఆ కుటుంబాలున్నాయి. ఏడేళ్ల వయసులో ఆడపిల్లను నానమ్మో, పిన్నో ఏదో మిషతో బయటికి తీసుకెళ్లి ఖత్నా చేయిస్తారు. ఖఫ్ద్ అన్నది శాస్త్ర నామం. పదో శతాబ్దపు ఖాజీ నూమాన్ రాసిన ‘దాయిముల్ ఇస్లాం’ వారికి ప్రమాణ గ్రంథం.

మిగతా చోట్ల పదిమంది ముఫ్తీలు పది మాటలు చెప్పవచ్చు. ఇక్కడ దాయి అనే ఒకే పీఠాధిపతి మాట చెల్లుతుంది, విశ్వాసులు ఆయనకు విధేయత ప్రమాణం చేస్తారు. 2016 ఏప్రిల్‌లో దాయి సయ్యద్నా ముఫద్దల్ సైఫుద్దీన్ ముంబైలో చేసిన ప్రసంగంలో ఆ కార్యం జరిగి తీరాలని, మగవారి విషయంలో బహిరంగంగా, ఆడవారి విషయంలో గుట్టుగా జరగాలని అన్నారు. ఖత్నా పేరెత్తకపోయినా విన్నవారికి అర్థమైంది. జూన్‌లో ఆయన కార్యాలయం ఇది ధార్మిక శుద్ధి అని సమర్థించింది. అదే సంవత్సరం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని జమాత్‌లు మాత్రం స్థానిక చట్టాన్ని పాటించాలని సభ్యులకు లేఖలు రాశాయి. ఆస్ట్రేలియాలో అప్పటికే బోహ్రా పెద్ద ఒకరితో సహా ముగ్గురిపై నేరం రుజువైంది. దాయి పీఠంపై హక్కు కోరిన ప్రత్యర్థి వర్గం, యుక్తవయసు వచ్చాక స్త్రీ తన ఇష్టంతో చేయించుకుంటే తప్ప వద్దంది.

సమాజం లోపలి స్త్రీలే రెండుగా చీలారు. 2015లో మొదలైన సహియో, మాసూమా రనాల్వీ నడిపిన వీ స్పీక్ అవుట్ ఆచారాన్ని ఎదిరించాయి. దావూదీ బోహ్రా విమెన్ ఫర్ రిలీజియస్ ఫ్రీడమ్ దాన్ని తమ విశ్వాసంలో భాగమంది. తమది ఆఫ్రికా కోత వంటిది కాదనీ, మగపిల్లల సున్తీని అనుమతించి దీన్ని మాత్రం ఆపడం వివక్షేననీ వాదించింది. రెండో వాదనను తేలిగ్గా తోసేయలేం. అయితే ఏడేళ్ల పిల్ల సమ్మతి ప్రశ్నకు అది జవాబు కాదు.

2017లో న్యాయవాది సునీతా తివారీ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ డిసెంబరులో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఇలాంటిది జరుగుతున్నట్టు అధికారిక సమాచారమేదీ లేదని అఫిడవిట్ ఇచ్చింది. ఏడాది తిరగకుండానే అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్, ఇది భారత శిక్షాస్మృతి, పోక్సో చట్టాల కింద నేరమేనని కోర్టుకు చెప్పారు. బోహ్రా పక్షాన న్యాయవాది అభిషేక్ మను సింఘ్వీ ఇది మతానికి అనివార్యమైన ఆచారమని వాదించారు. 1954 నాటి శిరూర్ మఠం తీర్పు నుంచి వస్తున్న ఆ సూత్రం ప్రకారం, ఏది మతంలో అనివార్యమో తేల్చే బరువు న్యాయమూర్తుల మీద పడుతుంది. 1997లో కైరో న్యాయమూర్తులకు ఎదురైనదీ అదే బరువు. వారికి కనీసం తంతావీ మాట తోడుంది. ఇక్కడ పీఠాధిపతి అభిప్రాయం రెండో వైపున ఉంది.

2018 సెప్టెంబరు 24న కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2019 నవంబరు 14న శబరిమల పునఃసమీక్ష పిటిషన్లపై ఇచ్చిన ఉత్తర్వులో, ముస్లిం స్త్రీల మసీదు ప్రవేశం, పరాయి మతస్థులను పెళ్లాడిన పార్సీ స్త్రీల హక్కులతో పాటు బోహ్రా ఖత్నాను కూడా ప్రస్తావించి, ఇలాంటి వివాదాల్లో ఉమ్మడిగా ఉన్న రాజ్యాంగ ప్రశ్నలను విస్తృత ధర్మాసనానికి వదిలారు. ఆ ప్రశ్నల కోసం తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏర్పడింది.